తిరగ్గొట్టిన కాయలు

పాత్సూన్‌లో మేం దాన్ని చీనా బఠాణీ అంటాం.
అట్టపెట్టె మీద అచ్చు మాత్రం మంచు బఠాణీ.
పేరులోనే మంచు.
నిజం మంచు ఒక్క రాత్రి పడితే చాలు
కాయ ఒళ్ళంతా తెల్లటి పొక్కులు.
తెల్లారి దోన్ ఎఫ్రాయిన్ బుట్టలో చెయ్యి పెట్టి
మొహం తిప్పుకుంటాడు.

నా పని బల్ల దగ్గర నిలబడి చూడటం.
వేలెడు పొడుగు. తొడిమ ఊడకూడదు.
వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే లోపలి గింజలు
నీడల్లా కనపడాలి గానీ పొట్ట ఉబ్బకూడదు.
వంకర ఉందా, తిరగ్గొట్టు.
పురుగు గీసిన గీత ఉందా, తిరగ్గొట్టు.
పదకొండేళ్ళు.
ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.
ఎవరూ వద్దనలేదు. పారని తింటామా ఎవరైనా?

ఆ మంగళవారం మా ఆయన మూటే నా బల్ల మీదికొచ్చింది.
ఎవారిస్తో గుమ్మంలో నిలబడి టోపీ చేత్తో పట్టుకున్నాడు.
నలభై పౌన్లు. అన్నిటికీ మంచు పొక్కులు.
నేనే తోసేశాను.
దారి పొడుగునా ఇద్దరం మాట్లాడుకోలేదు,
మూట మాత్రం ఇద్దరం మోశాం.

మా అత్త నాన్ మార్సెలాకి తెలిసిన కాయగింజ నల్లచిక్కుడు.
రాత్రంతా నానబెట్టింది.
ఉల్లిపాయ వేసి మూడు గంటలు ఉడికించింది.
ఆకుపచ్చ బంక.
పందికి పోస్తే
అది కూడా కాసేపు ఆలోచించింది.

గురువారం రామిరో లావ్ మోటారుసైకిల్ మీద వచ్చాడు,
చిమల్తెనాంగోలో చీనా హోటలు వంటవాడు.
తిరగ్గొట్టినవి చవగ్గా కొంటాడు.
పొడుగు చూడడు. రెండు కాయలు తీసి
చెవి దగ్గర పెట్టుకుని ఒకదానితో ఒకటి రుద్దుతాడు.
కీచుమంటే కొంటాడు, ఊరుకుంటే వదిలేస్తాడు.
"మొహం ఎలా ఉంటేనేం, మాట్లాడుతోంది కదా" అంటాడు.

వాళ్ళ తాత దాన్ని హాలండ్ చిక్కుడు అనేవాడట.
హాలండ్ ఎక్కడుందో అతను చూళ్ళేదు.
చీనా ఎక్కడుందో నేను చూళ్ళేదు.
ఆ మాటకొస్తే అతనూ చూళ్ళేదు, పుట్టింది రెటలులేవులో.
కాయ మాత్రం నా చేతిలో ఉంది,
నా కొండ మట్టితో.

కడగొద్దన్నాడు.
తడి తగిలితే పొద్దుటికల్లా జిగురు పడుతుందట.
పొడిగుడ్డలో చుట్టి, చిల్లుల సంచీలో వేసి,
ఫ్రిజ్‌లో పెడితే ఐదు రోజులు.
మాకు ఫ్రిజ్ లేదన్నాను.
గోడ ఉందా అన్నాడు.
ఉత్తరం వైపు మట్టిగోడ మూల, నీళ్ళకుండ వెనక,
రెండు రోజులు నిలిచాయి.

శనివారం సాయంత్రం.
తొడిమ విరిచి వీపు మీదుగా ఈనె లాగాను.
రెండో కొస నుంచి రెండో ఈనె.
సన్నటి దారాలు ఒళ్ళో కుప్పపడుతుంటే
అత్త వాటిని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది,
నేతకి పనికొస్తాయేమో అన్నట్టు.
పెనం పొగలొచ్చేదాకా కాలాలి. నూనె, వెల్లుల్లి,
అప్పుడు కాయలు.
మా ఇంట్లో గడియారం లేదు.
అత్త కాక్చికెల్‌లో లెక్కపెట్టింది, మాది ఇరవైల లెక్క.
ఒక ఇరవై. రెండిరవైలు.
మూడో ఇరవై ముగిసేసరికి
"దించు" అని తనే అరిచింది,
మూడు గంటలు ఉడికించిన మనిషి.

పొక్కులు ఎక్కడికి పోయాయో తెలీదు.
పచ్చ ఇంకా పచ్చబడింది.

ఎవారిస్తో కాళ్ళ మట్టితోనే కూర్చుని
రొట్టెలో పెట్టుకుని కొరికాడు.
పటుక్కుమంది.
పదకొండేళ్ళలో ఆ చప్పుడు నా బల్ల దగ్గర వినలేదు.
"మనవేనా?" అన్నాడు.
"తిరగ్గొట్టినవి" అన్నాను.
కాసేపు నమిలాడు.
తర్వాత పళ్ళెం తన వైపు లాక్కున్నాడు,
మళ్ళీ ఏమనుకున్నాడో, సగం నా వైపు తోశాడు.

సోమవారం షెడ్డులో
ఒక వంకర కాయని తోసెయ్యబోతూ ఆగాను.
ఇంకోటి తీసి, చెవి దగ్గర పెట్టి రుద్దాను.
దోన్ ఎఫ్రాయిన్ తలెత్తాడు:
"ఏం చేస్తున్నావ్?"

"కొలుస్తున్నాను" అన్నాను.